నాన్న చేతికొచ్చే బంతి

మా ఇంట్లో బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే బియ్యంతోపాటు ఊలు బంతులు తగిలేవి. పసుపు రంగువి, నిమ్మకాయకంటే కాస్త పెద్దవి. బాల్ బ్యాడ్మింటన్ ఆడే బంతులు. బెజవాడ గాలికి ఊలు తేమ పీల్చి బరువెక్కుతుందని, బియ్యంలో పెడితే ఆ తేమంతా లాగేస్తుందని నాన్న నమ్మకం. అమ్మ అన్నం వండబోయిన ప్రతిసారీ వాటిని ఏరి గట్టుమీద పెట్టేది, ఏదో గొణిగేది, బియ్యం కొలుచుకున్నాక మళ్ళీ డబ్బాలోకే తోసేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ ఆటని తిట్టని రోజు లేదు. బంతుల్ని బయట వదిలేసిన రోజూ లేదు.

నాన్నది గవర్నర్‌పేటలో మోటారు పంపుల స్పేర్ పార్టుల కొట్టు. పొద్దున్నే ఆట, ఆట తర్వాత స్నానం, నాలుగు ఇడ్లీలు, ఆ తర్వాతే కొట్టు తాళాలు. వాన పడుతున్నా సరే కోర్టుదాకా వెళ్ళి, ఆడటానికి వీల్లేదని కళ్ళారా చూసుకుని మరీ వెనక్కి వచ్చేవాడు. పటమటలో మా సందు చివర ఉన్న ఖాళీ స్థలమే కోర్టు. మట్టి నేల. ముందురోజు సాయంత్రం నీళ్ళు చల్లి రోలరు లాగి, సున్నంతో గీతలు గీసి ఉంచుతారు. వలకి ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. బంతి నేలకి తగలకుండా కొట్టాలి. ఆడేవాళ్ళందరూ కొట్లున్నవాళ్ళు, రిటైరైనవాళ్ళు, బొజ్జలున్నవాళ్ళు. ఆటలో దిగాక మాత్రం ఒకరి మొహం ఒకరికి కనపడదు. పాయింటు కోసం పెళ్ళి సంబంధం చెడగొట్టుకునేలా పోట్లాడుకుంటారు.

నాన్నకి ఎదురుగా వల అవతల ఆడేది నేను మావయ్య అని పిలిచే మనిషి. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. గవర్నర్‌పేటలోనే బట్టల హోల్‌సేల్ వ్యాపారం చేసే సాయిబుగారు. ఆయన నాన్నని బావా అంటారు కాబట్టి నాకు మావయ్య అయ్యారు. ఆ కోర్టులో అందరికంటే పొగరుగా ఆడేది ఆయనే. బంతిని మనిషికి దూరంగా, ఏ మూలకి కొడితే అవతలివాడు నడుం పట్టుకుంటాడో ఆ మూలకే కొడతారు. నాన్నకి ఆయన ఆటంటే మంట. ఆయన రాని రోజు మాత్రం ఇంటికొచ్చి, ఇవాళ ఆటే లేదు అనేవాడు.

నేను కాలేజీలో శరీరధర్మశాస్త్రం చెబుతాను. గుండె ఎలా కొట్టుకుంటుంది, చెమట ఎందుకు పడుతుంది అన్నవి బోర్డుమీద బొమ్మలేసి చెప్పే పని. నలభై దాటాక పీహెచ్‌డీ పిచ్చి పట్టుకుంది. ఇవాళ ఎండ చంపేస్తోంది అని ఎవరన్నా అంటే, ఎంత అని అడిగే మనిషిని నేను. మా ఆయన నన్ను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు అంటాడు. అందుకే పరిశోధనకి కూడా కొలిచేదే ఎంచుకున్నాను. మన కోస్తాలో వేసవి ఉదయాల్లో ఆరుబయట ఆడేవాళ్ళ ఒళ్ళు ఎంత వేడిని మోస్తుంది, గాలిలో తేమ ఆటని ఎలా మారుస్తుంది అన్నది నా విషయం.

పొద్దున్నే కదండీ, చల్లగానే ఉంటుంది అని అందరూ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మన వైపు వేసవి ఉదయం చల్లగా ఏమీ ఉండదు, ఎండ ఉండదు, అంతే. గాలినిండా నీళ్ళే. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, పట్టిన చెమట ఆరడం. గాలి ముందే తడిసి ఉంటే అది ఆరదు, మోచేతుల మీంచి ధారగా కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంటికి ఏ ఉపకారమూ చెయ్యదు. మనిషి పైన తడిసి ముద్దవుతూ లోపల వేడెక్కుతూ ఉంటాడు. ఆ వేడిని చర్మందాకా మోసుకొచ్చి పారెయ్యడానికి గుండె ఆటకంటే ఎక్కువ కష్టపడుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్నదే. కానీ మన పటమటలో, మన కొట్లవాళ్ళ గుండెల్లో ఎంత అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. నేను కొలుద్దామనుకున్నది అది.

కొలవడం మొదలుపెట్టకముందే నాన్నకి గుండె నొప్పి వచ్చింది. చలికాలంలో ఒక సాయంత్రం కొట్టు షట్టరు లాగుతూ అలాగే మెట్టుమీద కూలబడ్డాడు. పక్క కొట్టువాళ్ళు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్టెంటు వేశారు. ప్రాణం దక్కింది. వారానికల్లా ఇంటికొచ్చాడు. కొన్నాళ్ళకి కొట్టుకి కూడా వెళ్ళి కూర్చున్నాడు. ఆట సంగతి మాత్రం గుండె డాక్టరు తేల్చలేదు. నడవండి, మెట్లెక్కండి, ఆట మాత్రం చూద్దాం అన్నారు.

ఆ చూద్దాం దగ్గర నాన్న ఆగిపోయాడు. పొద్దున్నే అదే వేళకి లేచేవాడు, బూట్ల వైపు చూసేవాడు కాదు. వరండాలో కూర్చునేవాడు. సందు చివర నుంచి బంతి రాకెట్టుకి తగిలిన చప్పుడు వినపడుతూనే ఉండేది. ఆ చప్పుడుని బట్టి కొట్టింది ఎవరో ఆయనకి తెలిసిపోయేది. తెలిసినా ఏమీ అనేవాడు కాదు. అమ్మ బంతుల్ని బియ్యంలోంచి తీసి అటక మీద పెట్టేసింది. మా నాన్న మాటకారి. కొట్టుకొచ్చిన రైతుని పంపు గురించి అడిగి, పొలం గురించి అడిగి, వాళ్ళ మేనకోడలి పురుడు దాకా అడిగే మనిషి. అలాంటి మనిషి అన్నం తినేటప్పుడు కూడా నోరు విప్పకపోతే ఇల్లు ఇల్లులా లేదు. ఆట లేకపోతే ఈయన మిగులుతాడా అని నాకు భయం వేసేది. అమ్మకీ అదే భయమని ఆవిడ మొహం చూస్తే తెలిసేది. ఇద్దరం ఆ మాట పైకి అనుకోలేదు.

తర్వాతి చెకప్‌కి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు గారు కాగితం మీద ఒక గీత గీసి, దాని పక్కన ఒక అంకె వేశారు.

"గుండె వేగం దీన్ని దాటకుండా ఆడగలిగితే నాకేం అభ్యంతరం లేదండీ. కానీ ఆటలో ఎంత దాటుతుందో నాకెట్లా తెలుస్తుంది? అందరూ మెల్లగానే ఆడతామండీ అంటారు. దిగాక ఎవరాగుతారు?"

"నేను కొలుస్తానండీ," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. నేను చేస్తున్న పరిశోధన గురించి చెప్పాను. ఛాతీకి కట్టే పట్టీ గురించి, అది గుండె కొట్టుకున్న ప్రతిసారీ నా చేతి గడియారానికి చెప్పడం గురించి చెప్పాను. కాసేపు ఆలోచించి, సరేనన్నారు. వేసవంతా కొలవాలి. నేను కోర్టు పక్కన ఉన్నప్పుడే ఆడాలి. గీత దాటితే అక్కడికక్కడ ఆపెయ్యాలి. వేసవి చివర ఆ అంకెలన్నీ తెచ్చి చూపిస్తే అప్పుడు చెబుతాను, ఆడొచ్చో మానెయ్యాలో.

నాన్న అంతసేపూ గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. బయటికొచ్చాక బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి స్కూటర్ ఆపితే, వెనకనుంచి మెల్లగా అడిగాడు.

"మనం గట్టెక్కుతామంటావా అమ్మా?"

చాలా రోజుల తర్వాత ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. పచ్చలైటు పడిందని వంక పెట్టి బండి తీశాను.

వేసవి మొదలయ్యేసరికి నా సరంజామాతో కోర్టులో దిగాను. తడిబట్ట చుట్టిన థర్మామీటరు, బరువు తూచే మిషను, ఛాతీ పట్టీలు. ఆటకి ముందు, ఆట అయ్యాక అందర్నీ తూచాలి. తగ్గిన బరువే కారిన చెమట. ఇదంతా సైన్సని చెబితే బుద్ధిగా తలలూపారు. మిషను ఎక్కే వేళకి మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో వేషం. ఎరువుల కొట్టాయన ముందు గడియారం తీశారు, తర్వాత ఉంగరం, ఆ తర్వాత మెళ్ళో గొలుసు. రిటైరైన బ్యాంకు మేనేజరు గారు అంకె ఎవరికీ కనపడకుండా మిషను చుట్టూ తువాలు పట్టుకోమన్నారు. ఊపిరి బిగపడితే బరువు తగ్గుతుందేమోనని ఇంకొకాయన చూసుకున్నారు. ఆటలో ఎవరూ నీళ్ళు తాగరు, తాగితే కడుపు బరువై పరిగెత్తలేమట. ఆట అయ్యాక మాత్రం మజ్జిగ క్యాను చుట్టూ మూగుతారు. నేను తూచకముందు తాగద్దు మొర్రో అంటే, రెండు గుక్కలేనమ్మా అంటూ గ్లాసెడు పట్టించేవారు. నా అంకెలు పాడయ్యేవి, నాకు చిర్రెత్తేది. వాళ్ళకది రోజూ వినోదం.

నాన్న దిగిన మొదటిరోజు ఎవరూ వేళాకోళం ఆడలేదు. ఆయన ఎప్పుడూ నిలబడే చోటు, వెనక ఎడమవైపు, ఖాళీగా ఉంచి మిగతావాళ్ళు వాళ్ళ చోట్లలో నిలబడ్డారు. నాన్న రాకెట్టు పిడి తుడుచుకుంటూ నడిచి వెళ్ళి అక్కడ నిలబడ్డాడు. నేను స్టూలు మీద కూర్చుని గడియారం చూస్తున్నాను, ఆట చూడట్లేదు. నా ప్రాణమంతా ఆ అంకె మీదే ఉంది. అది పెరిగింది, నిలబడింది, గీతకి బాగా కిందే ఆగింది. మర్నాడూ అంతే. ఆ వారమూ అంతే.

ఎండలు ముదిరి రోహిణి కార్తె దగ్గరపడేసరికి మిగతావాళ్ళ గుండెలు పరుగులు పెడుతున్నాయి. మావయ్య అంకె చూసి నేనే రెండుసార్లు ఆట ఆపించి, తడి తువాలు మెడమీద వేయించి కూర్చోబెట్టాను. నాన్నది మాత్రం నిలకడగా ఉంది. ఆట చిన్నప్పట్నుంచీ ఆడిన ఒళ్ళు, అలవాటు పడిన గుండె, స్టెంటు వేశాక రక్తం బాగా ఆడుతోంది అని నాకు నేను కారణాలు చెప్పుకున్నాను. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. ఆ సాయంత్రం బియ్యం కోసం డబ్బా తెరిస్తే ఊలు బంతులు చేతికి తగిలాయి.

నా పరిశోధనలో ఇంకో భాగం ఉంది. తేమ పీల్చిన బంతి ఎలా ఎగురుతుంది, ఆటగాడు దాన్ని ఎక్కడ అందుకుంటున్నాడు అన్నది. దానికోసం కోర్టు పక్కన అపార్ట్‌మెంటు మేడమీద ఫోను స్టాండు పెట్టి ఆట మొత్తం వీడియో తీసేదాన్ని. ఆదివారాలు కూర్చుని ఆ వీడియో ఆపి ఆపి చూస్తూ, ఎవరు బంతిని ఎక్కడ కొట్టారో కోర్టు బొమ్మమీద చుక్కలు పెట్టేదాన్ని. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. కళ్ళు పోయే పని. చాలా రోజుల ఆట అలా పెట్టాక ఒకరోజు బొమ్మని దూరంగా పట్టుకుని చూశాను. అందరి చుక్కలూ చెల్లాచెదురుగా ఉన్నాయి, ముందుకీ వెనక్కీ పక్కకీ పరుగులు తీసినట్టు. నాన్న చుక్కలు మాత్రం ఒక్కచోటే కుప్ప పడి ఉన్నాయి. ఆ కుప్ప మనం కూర్చునే పీటకంటే పెద్దగా లేదు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాన్న కోసం కాదు, పరిశోధన కోసం. తేమకి బరువెక్కిన బంతి వెనక ఎడమవైపుకి వచ్చేసరికి ఊపు తగ్గి ఒకేచోట వాలుతోందని, బందరు కాలువ వైపునుంచి వచ్చే గాలి దానికి తోడవుతోందని ఒక పెద్ద సిద్ధాంతం కట్టేశాను. దానికి గ్రాఫులు గీసి మా గైడు గారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"గాలి ఆయన ఒక్కరి మీదే వీస్తుందా అమ్మా? పక్కన నిలబడ్డాయనకి ఇలా లేదేం?"

గ్రాఫులు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు గడియారం చూడటం మానేసి మొదటిసారి ఆట చూశాను. చూస్తే ఏముంది, చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. అవతలి ఐదుగురూ మిగతావాళ్ళ మీద విరుచుకుపడుతున్నారు. బంతి నాన్నవైపు వెళ్ళాల్సి వస్తే మాత్రం మెత్తగా, సరిగ్గా ఆయన కుడిచేతికి అందేలా వేస్తున్నారు. మూలకి తప్ప కొట్టడం రాని మావయ్య, చంటిపిల్లాడికి ముద్ద పెట్టినట్టు నాన్న చేతికి బంతి వేస్తున్నారు. నాన్న జట్టువాళ్ళు కూడా తక్కువ తినలేదు. ఆయన పరిగెత్తాల్సిన బంతికి ముందే వాళ్ళు అడ్డం వెళ్తున్నారు. తొమ్మిదిమంది కలిసి, ఒక్క మాట అనుకోకుండా, నాన్న గుండెని మోస్తున్నారు. నేను వేసవంతా కొలిచింది నాన్న ఆటని కాదు, వాళ్ళ మంచితనాన్ని. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ అంకెలు పట్టుకుని డాక్టరు దగ్గరికి ఏ మొహంతో వెళ్ళాలి?

ఆట అయ్యాక అందరూ టిఫిన్ బండి దగ్గరికి వెళ్తే, నేను మావయ్యని పక్కకి పిలిచాను.

"మావయ్యా, మీరు నాన్న చేతికి వేస్తున్నారు."

ఆయన బుకాయించలేదు. మెడమీద తువాలు సర్దుకున్నారు.

"వేస్తున్నామమ్మా."

"నేను కొలుస్తున్నానని తెలిసీ వేశారా? ఆ అంకెల్ని బట్టే కదా డాక్టరు గారు చెప్పేది?"

"నీ కొలతల కోసం కాదమ్మా. ఇది మా కోర్టు పద్ధతి. జబ్బు చేసి లేచొచ్చినోళ్ళకి బంతి చేతికే వేస్తాం. ఎవరికీ చెప్పం, వాళ్ళకీ చెప్పం. నాకు కామెర్లు వచ్చి లేచినప్పుడు నాకూ ఇట్లాగే వేశారు. అసలిది మాకు నేర్పిందే మీ నాన్న."

"ఎన్నాళ్ళు వేస్తారు?"

"వాళ్ళకి కోపం వచ్చేదాకా. ఒకరోజు వాళ్ళే బంతి ఆపేసి, ఏంట్రా నేనేమన్నా పసిపిల్లాణ్ణా, సరిగ్గా ఆడండి అని తిడతారు. అప్పుడు మనిషి బాగయ్యాడని లెక్క. ఆ రోజు నుంచి మామూలు ఆటే. నాకు నాలుగోరోజే వచ్చేసింది కోపం." బండి వైపు చూసి, గొంతు తగ్గించారు. "బావకి ఇంకా రాలేదమ్మా."

బండి దగ్గర నాన్న టీ తాగుతూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. కబుర్లన్నీ తిరిగొచ్చాయి, మనిషి తిరిగొచ్చాడనే నేను అనుకున్నాను. మావయ్య చెప్పిన లెక్క ప్రకారం ఆయన ఇంకా రాలేదు.

అందరూ వెళ్ళాక నాన్న వల విప్పుతుంటే నేను రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం మడతపెడుతూ ఒకరి దగ్గరికి ఒకరం వచ్చాం.

"నాన్నా, నీ అంకెలు పనికిరావు. వాళ్ళు నీకు చేతికి వేస్తున్నారు."

"తెలుసమ్మా."

"ఎప్పటినుంచి?"

"మొదటి బంతికే తెలిసింది. నేను ఎంతమందికి వెయ్యలేదూ అట్లా."

"మరి ఊరుకున్నావేం?"

నాన్న వల మడత నా చేతిలోంచి తీసుకుని గుండెలకి ఆనించుకున్నాడు.

"కోపం వస్తుందేమోనని రోజూ చూస్తున్నానమ్మా. బూట్లు వేసుకునేటప్పుడు అనుకుంటా, ఇవాళ వస్తుందిలే అని. రావట్లా. బంతి చేతికొస్తే హాయిగానే ఉంటోంది. ఆ మెట్టుమీద కూలబడ్డ రోజున మళ్ళీ వీళ్ళ మొహాలు చూస్తాననుకోలా. ఇప్పుడు వాళ్ళేసింది కొట్టి ఇంటికొస్తే చాలనిపిస్తోంది. ఇట్లా అయితే నేను ఇంక ముసలాణ్ణి అయిపోయినట్టేనా?"

ఏం చెప్పను? వయసుతోపాటు గుండె అత్యధిక వేగం ఎలా తగ్గుతుందో బోర్డుమీద గీత గీసి చూపించగలను. ఆయన అడిగింది అది కాదు. ఆయన్ని అలాగే వలతో సహా పట్టుకున్నాను. చెమట, సున్నం, ఊలు కలిసిన వాసన. నాకు ఆయన కావాలి, అంతే. ఏ ఆట ఆడినా పర్వాలేదు, ఆడకపోయినా పర్వాలేదు, ఉంటే చాలు అనిపించింది.

డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. అంకెలు ముందు పెట్టాను. ఆయన పేజీలు తిప్పి, బాగున్నాయే అన్నారు. అప్పుడు చుక్కల బొమ్మ తీసి చూపించి, జరిగింది మొత్తం చెప్పాను. ఇది నిజమైన ఆట కాదండీ, వాళ్ళు కాపాడుతున్నారు అన్నాను. పరిశోధనలోంచి నాన్న అంకెలు తీసేస్తున్నానని కూడా చెప్పాను. ఆయన నాన్న పసుపు చుక్కల కుప్ప మీద వేలు పెట్టారు.

"మీ పరిశోధనకి పనికిరావేమో గానీ నాకు పనికొస్తాయండీ. ఇలా ఆడితే గుండెకి ఎంత పడుతుందో మీరు వేసవంతా కొలిచారు. గీతకి కిందే ఉంది. ఇలాగే ఆడమనండి."

"ఎన్నాళ్ళండీ?"

"ఎన్నాళ్ళని కాదు. ఇంక ఇలాగే. మూలలకి పరిగెత్తే ఆట వద్దు. అవతలివాళ్ళు ఎప్పుడూ ఇలాగే వేస్తామంటేనే సుమా."

బయటికొచ్చి ఆసుపత్రి మెట్లమీద కూర్చుండిపోయాను. ఆడొచ్చన్నారు. గట్టెక్కాం. కానీ ఏదో ఒకరోజు కోపం వస్తుంది, మళ్ళీ మామూలు ఆట ఆడతాను అన్న ఆశ నాన్నకి ఉంది. ఆ ఆశకి ఇంక చోటు లేదు. ఆడొచ్చన్న మాట ఇంటికి తీసుకెళ్ళి చెప్పాను. అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నాన్న నా తలమీద చెయ్యి పెట్టాడు. ఇంక ఎప్పటికీ ఇలాగే అన్న రెండో మాట నా నోట రాలేదు.

కోర్టులో మిగతావాళ్ళకి మాత్రం చెప్పాను. నాన్న మజ్జిగ తేవడానికి వెళ్ళినప్పుడు, చుట్టూ నిలబెట్టి, ఆయన తిట్టినా సరే చేతికే వెయ్యాలి అని మాట తీసుకున్నాను. అది వాళ్ళ పద్ధతికి విరుద్ధం. జబ్బు మనిషి తిట్టాక కూడా చేతికి వెయ్యడమంటే ఆ కోర్టులో అవమానించడమే. బ్యాంకు మేనేజరు గారు నేల చూస్తూ తల ఊపారు. మావయ్య రాకెట్టు పిడి తిప్పుతూ నిలబడ్డారు.

"బావ తిడితే నేను తట్టుకోలేనమ్మా," అన్నారు చివరికి. "అయినా వేస్తాలే."

వానలు వెనకపట్టాయి, గాలి తేలికపడింది. నా కొలతలు పూర్తయ్యాయి. థర్మామీటరు, మిషను ఇంట్లో పెట్టేశాను. నాన్నకి పట్టీ కట్టి, గడియారం పెట్టుకుని స్టూలు మీద కూర్చోవడం మాత్రం మానలేదు. అలాంటి ఒక ఉదయం ఆట మధ్యలో మావయ్య వేసిన బంతి నాన్న చేతికి నేరుగా వచ్చింది. నాన్న దాన్ని కొట్టలేదు. ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఆట ఆగిపోయింది.

"ఏంటయ్యా ఇది? నేనేమన్నా పాలు తాగే పిల్లాడినా? ఎన్నాళ్ళేస్తారు ఇట్లా? ఆడితే సరిగ్గా ఆడండి, లేకపోతే ఇళ్ళకి పోండి."

ఎంత బాగుందో ఆ గొంతు. కొట్టులో రైతుకి కల్తీ పార్టు అంటగట్టిన కంపెనీ ఏజెంటుని తిట్టే గొంతు అది. నాన్న వచ్చేశాడని నా ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే వీళ్ళ దగ్గర నేను తీసుకున్న మాట గుర్తొచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను తల అడ్డంగా ఊపాను.

"సరే బావా, సర్వీస్ చెయ్యి," అన్నారు మావయ్య.

నాన్న సర్వీస్ చేశాడు. ఒకటి రెండు చేతులు మారాక బంతి మళ్ళీ ఆయన కుడిచేతికే వచ్చింది. నాన్న మళ్ళీ పట్టుకున్నాడు. వల దగ్గరికి వెళ్ళి మావయ్య మొహంలోకి చూశాడు. మావయ్య చూపు దించేసుకున్నారు. అప్పుడు నాన్న నా వైపు తిరిగాడు.

"నువ్వన్నా చెప్పమ్మా వీళ్ళకి."

"నేనే వెయ్యమన్నాను నాన్నా. డాక్టరు గారు ఇలా ఆడితేనే ఆడమన్నారు."

"ఎప్పటిదాకా?"

నేను స్టూలు దిగి కోర్టులోకి వెళ్ళాను. గట్టిగా చెప్పాలనే అనుకున్నాను. మెల్లగానే వచ్చింది.

"ఎప్పటికీ."

నాన్న చేతిలో బంతిని వేళ్ళతో నొక్కుతూ నిలబడ్డాడు. అవతల ఐదుగుర్ని చూశాడు, తన జట్టులో నలుగుర్ని చూశాడు. ఒకరు రాకెట్టు తీగలు సరిచేసుకుంటున్నారు. ఇంకొకరు బూటు లేసు కట్టుకుంటున్నారు, అది ఊడలేదు. మావయ్య తువాలుతో మొహం తుడుచుకుంటున్నారు, ఎంతకీ తుడవడం అవ్వట్లేదు. నాన్న వాళ్ళందర్నీ అలా ఒక్కొక్కరినే చూసి, వెనక్కి నడిచి, తన చోటులో నిలబడ్డాడు.

"అయితే కాస్త ఎత్తుగా వెయ్యండయ్యా," అన్నాడు. "నడుము దగ్గరికి వేస్తే ఏం కొడతాను?"

తర్వాతి బంతిని మావయ్య ఎత్తుగా వేశారు. నాన్న దాని కిందకి ఒక్క అడుగు వేసి, బలంగా కొట్టాడు.